ఐ-140 వచ్చి ఐదేళ్లయింది, గ్రీన్‌కార్డు ఎప్పుడు?

ప్రశ్న: డాలస్‌లో హెచ్-1బి వర్క్ వీసా మీద పనిచేస్తున్నాను. మా కంపెనీ 2019 మార్చిలో ఈబీ-2 (పైచదువులు చదివినవాళ్ల కేటగిరీ) కింద పెర్మ్ (లేబర్ సర్టిఫికేషన్ దరఖాస్తు) వేసింది, 2020లో ఐ-140 (నా గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన పిటిషన్) అప్రూవ్ అయింది. ఆఖరి గ్రీన్‌కార్డు దరఖాస్తు ఐ-485కి ప్రాసెసింగ్ టైమ్ నెలల్లోనే చూపిస్తోంది, మాకు మాత్రం ఏళ్లు గడుస్తున్నాయి. వేరే కంపెనీలో మంచి ఆఫర్ వచ్చింది. మారితే లైన్ మళ్లీ మొదటికొస్తుందా? కాకినాడలో పుట్టిన మా అమ్మాయికి 17 నిండాయి. 21 దాటితే ఏమవుతుందోనని మా ఆవిడకి ఒకటే టెన్షన్. మేమిద్దరం అమలాపురం వాళ్లమే. మామగారు ఒమన్‌లోని మస్కట్‌లో పనిచేసే రోజుల్లో మా ఆవిడ అక్కడ పుట్టింది.

జవాబు: మీరు మాటవరసకి రాసిన మస్కట్ సంగతే మీ కేసుకి ప్రాణం. ముందు మొదటి సందేహం తీరుస్తాను.

ప్రాసెసింగ్ టైమ్ అంటే ఐ-485 వేశాక అది తేలడానికి పట్టే సమయం. మీరింకా వెయ్యనే లేదు, టోకెన్ పట్టుకుని బయట నిలబడి ఉన్నారు. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. భార్యాపిల్లలూ ఆ లెక్కలోనే. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకీ 7 శాతం దాటకూడదన్నది మామూలు నియమం. అందుకే 2025 అక్టోబర్ వీసా బులెటిన్‌లో (ఎవరి వంతు వచ్చిందో నెలనెలా చెప్పే పట్టిక) ఈబీ-2 ఇండియా ఫైనల్ యాక్షన్ డేట్ 2013 ఏప్రిల్ 1, అంటే అంతకుముందు లైన్‌లో చేరినవాళ్లకే కార్డు. ఆ లైన్‌లోనే ఉంటే అమ్మాయికి 21 వచ్చేలోపు మీ వంతు వస్తుందని నేను ధైర్యం చెప్పలేను.

కానీ ఈ లైన్ పాస్‌పోర్టును బట్టి కాదు, పుట్టిన దేశాన్ని బట్టి. పైగా భార్యాభర్తల్లో ఒకరు పుట్టిన దేశాన్ని రెండోవారూ వాడుకోవచ్చు. దీన్నే క్రాస్ చార్జబిలిటీ అంటారు. ఆవిడకి ఒమన్ పౌరసత్వం లేకపోయినా ఫరవాలేదు. అదే బులెటిన్‌లో ఒమన్ కూడా ఉండే 'మిగతా దేశాల' ఈబీ-2 డేట్ 2023 డిసెంబర్ 1. పెర్మ్ వేసిన రోజే మీ డేట్, అది 2019. అంటే మీ డేట్ కరెంట్, మీ వంతు వచ్చేసింది! ఐ-140 వచ్చినప్పుడే మీరు ఐ-485 వేసి ఉండొచ్చు. గల్ఫ్‌లో పుట్టిన మనవాళ్లు ఇంతమంది ఉండగా, ఇన్నేళ్లలో ఆవిడ ఎక్కడ పుట్టారని మిమ్మల్ని ఎవరూ అడగకపోవడం చూస్తే మనసు చివుక్కుమంటోంది. (పిల్లలు పుట్టిన దేశం మాత్రం తల్లిదండ్రులకి పనికిరాదు.)

ఇవాళే ఆవిడ పాస్‌పోర్టు తీసి, పుట్టిన ఊరి దగ్గర ఏముందో చూడండి. మస్కట్ బదులు అమలాపురం అని ఉంటే ముందు అది సరిచేయించాలి. ఒమన్ బర్త్ సర్టిఫికెట్ అరబిక్‌లో ఉంటే ఇంగ్లీషు అనువాదం, దాని మీద అనువదించినవారి ధ్రువీకరణ, సంతకం కావాలి. మ్యారేజ్ సర్టిఫికెట్ సరేసరి. మెడికల్ రిపోర్టులు కూడా ఫైలుతోపాటే పెట్టాలి. ముగ్గురి ఐ-485లూ ఒకేసారి వేసి, మిమ్మల్ని ఒమన్ కింద లెక్కించమని కవరింగ్ లెటర్‌లో మొదటి వాక్యంలోనే రాయించండి.

ఇక ఉద్యోగం. ఇప్పుడు మారకండి. ఐ-485తో ఇచ్చే సప్లిమెంట్ జె (ఆ ఉద్యోగం మీకు ఉందని చెప్పే ఫారం) మీద ఇప్పటి కంపెనీ సంతకం పెట్టాలి. ఫైలు వేసి 180 రోజులు దాటాక అదే తరహా ఉద్యోగానికి మారొచ్చు. ఈలోపే మారితే మీ 2019 డేట్ ఎక్కడికీ పోదు, కానీ కొత్త కంపెనీ పెర్మ్, ఐ-140 మళ్లీ మొదలుపెట్టాలి. దానికి ఏడాదికి పైనే పడుతుంది. మీ అమ్మాయి వయసు చూస్తే ఆ ఏడాది మీరు పోగొట్టుకోకూడదు.

పిల్లల వయసుకి 2002 నాటి సీఎస్‌పీఏ చట్టం (కొందరిని 21 దాటినా పిల్లలుగానే లెక్కించే చట్టం) రక్షణ ఇస్తుంది, కాకపోతే డేట్ కరెంట్ అయిన ఏడాదిలోపు ప్రయత్నం మొదలుపెట్టినవాళ్లకే. ఆ ఏడాది మీకు ఎప్పుడో దాటిపోయిందని అధికారులు అనొచ్చు. అందుకని ఆ చట్టాన్ని నమ్ముకోకుండా, 21 నిండకముందే అమ్మాయి చేతికి కార్డు వచ్చేలా చూసుకోండి. ఇంకా నాలుగేళ్లకి దగ్గరగా టైముంది. ఆఫర్ ఇచ్చినవాళ్లని ఏడెనిమిది నెలలు ఆగగలరేమో అడగండి, ఈ వారంలోనే మీ లాయరుకి ఆ బర్త్ సర్టిఫికెట్ పంపండి.