ట్రయల్‌లో ఉండగా బయట టీకా వేయించుకోవచ్చా?

టీకా ట్రయల్‌లో, అంటే కొత్త టీకాను మనుషులపై పరీక్షించే ప్రయోగంలో, కొందరికి అసలు టీకా, కొందరికి ఉత్త సెలైన్ (ఉప్పునీరు) ఇస్తారు. మీకు ఏది పడిందో ట్రయల్ డాక్టర్ చెప్పడం లేదంటే దాస్తున్నారని కాదు. డబుల్ బ్లైండ్ ట్రయల్ (ఎవరికి ఏది ఇచ్చారో పాల్గొన్నవాళ్లకూ, డాక్టర్లకూ తెలియనిది) కాబట్టి ఆయనకూ తెలిసి ఉండదు. అందుకే అడిగినప్పుడల్లా "ఇంకొన్నాళ్లు ఆగండి" అంటున్నారు. కానీ అదే జబ్బుకు వేరే టీకాకు అనుమతి వచ్చి, మీకు అర్హత కూడా ఉన్నప్పుడు ఊరికే ఆగమనడం సబబు కాదు.

1. మీరు సంతకం పెట్టిన సమ్మతి పత్రం తీయండి. ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చన్న మాట అందులో ఉండాలి.

2. చాలామంది వదిలేసేది ఇదే. బయట టీకా వేయించుకోకముందే అన్‌బ్లైండింగ్ (మీకు అసలు టీకా పడిందో, సెలైన్ పడిందో వెల్లడించడం) కావాలని రాసి ఇవ్వండి. నోటిమాటగా అడిగితే ఎవరికీ గుర్తుండదు. రెండు ముక్కలు చాలు: "నాకు బయట టీకాకు అర్హత వచ్చింది. నేను ఏ గ్రూపులో ఉన్నానో తెలపండి." తేదీ వేసి, ఒక కాపీ దగ్గర పెట్టుకోండి. తెలుసుకోకుండా వేయించుకుంటే, ఇప్పటికే అసలు టీకా పడి ఉన్నవాళ్లకు అనవసరంగా అదనపు డోసులవుతాయి.

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. 2020 డిసెంబరులో ఫైజర్ టీకాకు అమెరికాలో అత్యవసర అనుమతి వచ్చాక, ఆ ట్రయల్‌లో ప్లాసిబో (టీకాకు బదులు ఉత్త సెలైన్) పడినవాళ్లకూ అసలు టీకా ఇవ్వజూపారు.

3. జవాబు రాకపోతే నేరుగా ఎథిక్స్ కమిటీకి (ట్రయల్‌లో పాల్గొనేవాళ్ల హక్కులు, భద్రత చూసే కమిటీ) రాయండి. ఎవరిని సంప్రదించాలో సమ్మతి పత్రంలోనే చూడండి.

4. గ్రూపు తెలిశాక బయట టీకా వేయించుకున్నా, సేఫ్టీ ఫాలోఅప్‌లో (టీకా తర్వాత మీ ఆరోగ్యాన్ని గమనించే పరీక్షల్లో) కొనసాగవచ్చా అని అడగండి. టీకా వేయించుకున్న తేదీ మాత్రం వాళ్లకు తప్పకుండా చెప్పండి.