చీటీ మీద ఆ 'ఏ' ఏమిటి?

ప్రశ్న: నాకిప్పుడు మూడో నెల. డాక్టరు చీటీ మీద 'జీ3 పీ1 ఎల్2 ఏ1' అని రాశారు. మొదటి కాన్పులో కవలలు. తర్వాత ఒకసారి రెండో నెలలోనే గర్భం పోయింది. నేనెప్పుడూ అబార్షన్ చేయించుకోలేదు. ఆ 'ఏ' చూసి మా అత్తగారు గుచ్చి గుచ్చి అడుగుతున్నారు.

జవాబు: చీటీలో తప్పేం లేదమ్మా. జీ అంటే గ్రావిడా, ఇప్పటిదాంతో కలిపి ఎన్నిసార్లు గర్భం వచ్చిందన్న లెక్క. పీ, అంటే పారా, కాన్పుల లెక్క. కవలలు పుట్టినా కాన్పు ఒక్కటే. ఎల్ బతికున్న పిల్లలు. ఇక ఏ: గర్భం దానంతటదే పోయినా, తీయించుకున్నా మేం రాసేది అబార్షన్ అనే. ఆ అక్షరాన్ని బట్టి ఎవరూ ఏదీ తేల్చలేరు, అత్తగారికి ఈ పేజీ చూపించండి. అప్పుడు ఎన్ని వారాలకు పోయిందో, గర్భసంచి శుభ్రం చేయాల్సి వచ్చిందో లేదో మీ డాక్టరుకు తప్పక చెప్పండి.