కుడి ఫ్లిప్పర్ బలహీనంగా కొడుతుంటే కాయిల్ కన్నా ముందు స్విచ్చి పాయింట్లు చూడండి

కర్నూలులో కొన్న పాత పిన్‌బాల్ యంత్రంలో కుడి ఫ్లిప్పర్ (బటన్ నొక్కితే బంతిని కొట్టే రెక్క) బంతిని ర్యాంపు సగం దాకానే పంపుతోందని, ఎడమది బాగానే కొడుతోందని రాశారు. దాన్ని లాగే తీగ చుట్ట, అంటే కాయిల్, మరింత బలమైనది తెప్పించాలా అని అడిగారు. వద్దండీ, ఇప్పుడే డబ్బు పెట్టకండి. ఎడమది బాగా కొడుతోందన్న మాటలోనే సగం జవాబు దొరికింది. రెండు ఫ్లిప్పర్లకూ కరెంటు ఒకే చోటి నుంచి వస్తుంది. అక్కడ లోపం ఉంటే రెండూ నీరసించాలి. ఒక్కటే నీరసించింది కాబట్టి జబ్బు దాని దగ్గరే ఉంది.

మా మేనమామ అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గర వీడియో గేముల దుకాణం నడిపేవారు. దాన్ని మూసేశాక 1980ల నాటి ఒక యంత్రం మా వసారాకు చేరింది. దానికీ ఇదే జబ్బు వచ్చింది. నేను నేరుగా కాయిల్ విప్పి, బోరు మోటార్లకు వైండింగ్ చేసే మేస్త్రి దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన మీటరు పెట్టి చూశారు. కాయిల్‌లోని రెండు చుట్లలో మందపు తీగది నాలుగు ఓములకు కాస్త పైన, సన్న తీగది సుమారు 160 ఓములు చూపించాయి. "కాయిల్‌కు ఏమీ కాలేదు నాయనా. బోరు స్టార్టరులో పాయింట్లు నల్లబడితే మోటారు మూలుగుతుంది గాని తిరగదు. దీనిలోనూ ఎక్కడో పాయింట్లు ఉంటాయి, వెతుకు" అన్నారు. పిన్‌బాల్ యంత్రాన్ని ఎన్నడూ చూడని మనిషి చెప్పిన ఆ మాటే నిజమైంది.

ఆ కాలపు ఫ్లిప్పర్ కాయిల్‌లో రెండు చుట్లు ఉంటాయి. బటన్ నొక్కగానే మందపు తీగలో కరెంటు ఉరికి ఫ్లిప్పర్‌ను ఒక్కసారిగా పైకి లాగుతుంది. ఫ్లిప్పర్ పైకి చేరగానే దాని అడుగున బిగించిన లోహపు చేయి ఒక చిన్న స్విచ్చిని నెడుతుంది, ఆ స్విచ్చి పాయింట్లు (కరెంటును కలిపే లోహపు మొనలు) విడిపోతాయి. అక్కడి నుంచి సన్న తీగ దాన్ని పైనే పట్టి ఉంచుతుంది. ఆ పాయింట్లకు మసి పడితే మందపు తీగకు కరెంటు సరిగా అందదు. అందుకే ఫ్లిప్పర్ లేస్తుంది, కానీ కొట్టదు.

ముందు ప్లగ్ పూర్తిగా పీకి, కొద్ది నిమిషాలు ఆగండి. కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. అప్పుడు ఆట పలకను ఎత్తి చూడండి. విజిటింగ్ కార్డు ముక్కను ఆ పాయింట్ల మధ్య పెట్టి లాగి చూడండి. మా దానిలో కార్డు మీద కాటుక గీసినట్టు నల్లని చార పడింది. సన్నని ఆకురాయితో నాలుగైదు సార్లు మెల్లగా గీకితే లోహం తళుక్కుమంది. ఫ్లిప్పర్‌ను చేత్తో పూర్తిగా పైకి లేపినప్పుడు పాయింట్ల మధ్య సుమారు 3 మిల్లీమీటర్ల ఎడం రావాలి, అంతకు ముందు కలిసే ఉండాలి. ఎప్పటికీ విడిపోకపోతే కాయిల్ వేడెక్కి కాలిపోతుంది. పెట్టె పక్కన బటన్ వెనకున్న పాయింట్లకూ ఇదే వైద్యం చేయండి. మీ యంత్రం 1990లలోదైతే మాత్రం ఆకురాయి ముట్టుకోకండి. అప్పటి చాలా యంత్రాల్లో ఈ స్విచ్చికి బంగారు పూత ఉంటుంది, గీకితే అది పోతుంది.

పాయింట్లు శుభ్రం చేశాక బంతి ర్యాంపు ఎక్కింది. రెండు వారాలకు మళ్లీ అదే నీరసం. ఈసారి చేత్తో కదిపి చూస్తే ప్లంజర్ (కాయిల్ లోపలికి లాగే ఇనుప కడ్డీ) గరగరమంటూ, మధ్యలో పట్టేస్తూ నడిచింది. దాన్ని బయటికి తీసి వెలుతురులో పెట్టి చూశాను. ఏళ్ల తరబడి తనను ఆపే స్టాపు దిమ్మకు కొట్టుకుని దాని కొన పుట్టగొడుగు తలలా విచ్చుకుపోయింది. కాయిల్ లోపలి నైలాన్ గొట్టం నిండా నల్లటి పొడి. ప్లంజర్‌నూ ఫ్లిప్పర్ అడుగు చేతినీ కలిపే లింకు రంధ్రం కోడిగుడ్డులా సాగిపోయింది. ఈ సాగుడు వల్ల ప్లంజర్ లాగిన దూరంలో కొంత ఫ్లిప్పర్‌కు చేరకుండానే పోతుంది. గొట్టం, ప్లంజర్, లింకు, స్టాపు కలిపి మార్చుకోవాలి, కాయిల్ కన్నా ముందు డబ్బు పెట్టవలసింది వీటి మీదే.

తిరిగి బిగించేటప్పుడు ఫ్లిప్పర్ అడుగున బుష్‌కూ (ఇరుసు తిరిగే గొట్టం) లోహపు చేతికీ మధ్య ఒక మిల్లీమీటరు లోపు సందు వదలండి. వేళ్లతో ఫ్లిప్పర్‌ను పట్టి పైకి లాగితే కొద్దిగా వదులు తెలియాలి. సందు లేకుండా బిగిస్తే బుష్‌కు ఒరుసుకుని బలమంతా అక్కడే పోతుంది. నూనె మాత్రం చుక్క కూడా వేయకండి. నేను కుట్టుమిషను నూనె వేశాను. మన ఎర్రదుమ్ము దానిలో కలిసి వారంలో జిగురైంది, ఆ గొట్టం పారేయక తప్పలేదు.

ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజు వేసి బలం తెచ్చుకోవచ్చని ఎవరైనా చెబితే వినకండి. ఫ్యూజు బలం ఇవ్వదు, కాయిల్‌నూ వైర్లనూ కాల్చేస్తుంది.

ఇంకొక్క సంగతి. రెండు ఫ్లిప్పర్లూ రాత్రిపూట మాత్రమే డీలా పడుతుంటే ఇంటి కరెంటును అనుమానించండి. మా వీధిలో వేసవి సాయంత్రాల్లో 230 ఉండవలసిన వోల్టేజీ 180కి దిగేది. అప్పుడు లోపలి 50 వోల్టులు 39 దగ్గరికి వస్తాయి, లాగే బలం దాదాపు అరవై శాతానికి పడిపోతుంది. స్టెబిలైజర్ పెట్టాకే మా యంత్రం కుదుటపడింది. మీది అమెరికా నుంచి వచ్చిన 115 వోల్టుల యంత్రమై, బయట చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుస్తుంటే దాని సామర్థ్యం చాలుతోందో లేదో కూడా చూడాలి.

ముందుగా కార్డు ముక్క పరీక్ష చేయండి. చార పడిందా లేదా, ప్లంజర్ చేత్తో ఎలా కదులుతోంది, మీటరులో కాయిల్ ఎన్ని ఓములు చూపుతోంది, ఈ మూడూ రాయండి. ఎడమ ఫ్లిప్పర్‌వి కూడా పక్కనే రాస్తే తేడా ఎక్కడుందో చూసి చెబుతాను.