దేవుడు క్షమించాడట, నేను క్షమించలేకపోతున్నాను

ప్రశ్న: నా భర్త ఏళ్ల తరబడి తాగి కొట్టాడు. నా పుస్తెలతాడు కూడా తాకట్టు పెట్టాడు. ఆరు నెలల క్రితం మారుమనస్సు పొంది బాప్తిస్మం తీసుకున్నాడు. ఇప్పుడు ఆయన చర్చిలో సాక్ష్యం చెబుతుంటే అందరూ 'స్తోత్రం' అంటున్నారు. చిన్నప్పటి నుంచి ప్రార్థన మానని నాకేమో ఒళ్లు మండిపోతోంది. ఏమన్నా అంటే, "దేవుడే క్షమించాడు, నీకేంటి?" అంటాడు. నా కోపం పాపమా?

జవాబు: అమ్మా, అన్ని దెబ్బలు తిన్నాక కోపం రాకపోతేనే ఆశ్చర్యం. దానికి సిగ్గుపడకండి.

లూకా సువార్త 15లో యేసు చెప్పిన తప్పిపోయిన కుమారుడి కథలో, ఇల్లొదిలిపోయి తిరిగొచ్చిన తమ్ముడికి తండ్రి విందు చేసినప్పుడు పెద్దకొడుకు పడ్డ బాధా ఇదే. ఇన్నేళ్లు చాకిరీ చేసిన నాకు మేకపిల్లయినా ఇవ్వలేదు, ఆస్తి తగలేసినవాడికి విందా అని లోపలికి రానన్నాడు. అప్పుడు తండ్రి విందు వదిలి బయటికొచ్చి అతన్నీ బతిమాలాడు. మీ దగ్గరికీ ఆ తండ్రి అలాగే వస్తాడు.

మీ ఆయనకు పాపాల నుంచి రక్షణ పొందే అర్హత లేదు, నిజమే. తర్వాత అపొస్తలుడైన పౌలుగా పేరొందిన సౌలుకు మాత్రం ఏముంది? విశ్వాసులను బంధించి తేవాలని దమస్కుకు బయల్దేరినవాణ్ణి దేవుడే దారిలో ఆపాడు. మీరు ఇన్నేళ్లు ప్రార్థనలో నిలబడ్డారంటే అదీ ఆ దేవుడి కృప వల్లే. ఇది ఒప్పుకోవడం మీకు కష్టమని తెలుసు. తొందరేం లేదు.

కానీ అదే అపొస్తలుల కార్యములు 9లో ఇంకోటి ఉంది. సౌలు యెరూషలేము వచ్చినప్పుడు శిష్యులు నమ్మలేదు, భయపడ్డారు. అందుకు వాళ్లను లేఖనం తప్పుపట్టలేదు. బర్నబా అనే శిష్యుడు పూనుకుని వెంటబెట్టుకెళ్లాకే చేర్చుకున్నారు. దేవుడు క్షమించినా, దెబ్బతిన్నవాళ్లకు నమ్మకం కుదరడానికి టైమ్ పడుతుంది. "దేవుడే క్షమించాడు" అంటూ మీ నోరు మూయించే హక్కు ఆయనకు లేదు. యేసు తనంతట తానే ఇంటికి వస్తానన్నాకే కదా, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తానని పన్నులు వసూలు చేసే జక్కయ్య అన్నది! కృప దొరికినవాడు అలా లెక్క తేల్చుకుంటాడు.

తాకట్టు రసీదు ఆయన ముందు పెట్టి, నెలనెలా ఎంత కడతారో అడగండి. జీతం మీ చేతికి ఇమ్మనండి. మీకు నమ్మకమున్న పెద్దావిడ ఎవరినైనా తోడు తీసుకుని పాస్టర్ గారితో మాట్లాడి, ఆ సాక్ష్యాలు కొన్నాళ్లు ఆపించమనండి. ముందు ఇంట్లో మార్పు కనబడాలి. ప్రార్థనలో "ఇంకా క్షమించలేకపోతున్నాను ప్రభువా" అని ఉన్నదున్నట్టు చెప్పండి. మళ్లీ చెయ్యెత్తాడా, ఓర్చుకోవద్దు. పిల్లలను తీసుకుని బయటికొచ్చేయండి, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.