దుకాణం అరలో మీ గ్రీటింగ్ కార్డు

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం కామర్స్ చదువుతున్నాను. మూడేళ్లుగా సొంతంగా గ్రీటింగ్ కార్డులు గీస్తున్నాను. స్నేహితులు అడిగి మరీ తీసుకుంటున్నారు. వీటిని ముద్రించి దగ్గరలోని దుకాణాల ద్వారా అమ్మాలని ఉంది. చదువు దెబ్బతింటుందేమోనని నాన్నగారి భయం. దుకాణదారులను ఎలా కలవాలి? ధర ఎలా పెట్టాలి? దీన్ని వృత్తిగా ఎంచుకోవచ్చా?

జవాబు: మీ స్నేహితులు ఆ కార్డులు తీసుకోవడానికి ఒక కారణం వాటిని గీసింది మీరు కావడం. దుకాణానికి వచ్చే మనిషికి మీరెవరో తెలియదు. ఆస్పత్రిలో ఉన్న మిత్రుణ్ణో, పదవీ విరమణ చేస్తున్న సహోద్యోగినో, చాలాకాలంగా మాటల్లేని తోబుట్టువునో మనసులో పెట్టుకొని, తన నోట రాని మాటను ఏ కార్డు చెబుతుందా అని ఆయన రెండు నిమిషాలు అర ముందు నిలబడతారు. బొమ్మ బాగుందా లేదా అన్నది ఆ తర్వాతి సంగతి. చిత్రకారులకు ఈ మాట కష్టంగా తోస్తుందని తెలుసు. కానీ మీరు అడిగిన మూడు ప్రశ్నలకూ జవాబు ఇక్కడి నుంచే మొదలవుతుంది.

వ్యాపారపరంగా అమ్మిన తొలి క్రిస్మస్ కార్డు 1843లో లండన్‌లో వెలువడింది. హెన్రీ కోల్ అనే అధికారి దాన్ని తన మిత్రుడు, చిత్రకారుడు జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ చేత గీయించారు. విందులో కూర్చున్న కుటుంబం బొమ్మతో పాటు, అందుకునేవారి పేరుకూ పంపేవారి పేరుకూ అందులో ఖాళీలు విడిచిపెట్టారు. ఆ ఖాళీలు ఉండబట్టే ఒక ఇంటి కోసం వేయించిన బొమ్మ ఎవరైనా కొని పంపుకోగల కార్డు అయింది. మీరు గీసిన కార్డులన్నింటినీ బల్ల మీద పరచి, ఒక్కొక్కదాన్ని ఎవరు, ఎవరికి, ఏ సందర్భంలో పంపుతారో వెనుక పెన్సిలుతో రాయండి. జవాబు వెంటనే తట్టని కార్డును, అది మీకు ఎంత ఇష్టమైనదైనా సరే, మొదటి విడత నుంచి తీసివేయండి.

అలా మిగిలినవాటిలో 8 నుంచి 12 డిజైన్లు చాలు. ఒకే ఒక్క కార్డు తీసుకువెళితే దుకాణదారుకు దాన్ని ఎక్కడ పెట్టాలో తోచదు. ముప్పై తీసుకువెళితే ఎంచుకునే ఓపిక ఉండదు. పుట్టినరోజు ఏడాది పొడవునా వస్తుంది కాబట్టి సగం వరకు దానికే కేటాయించి, మిగిలినవాటిలో కృతజ్ఞత, అభినందన, త్వరగా కోలుకోవాలన్న కోరిక, సంతాపం వంటి సందర్భాలకు ఒక్కొక్కటి ఉంచండి. లోపల ఏమీ అచ్చు వేయని కార్డులు రెండు మూడు తప్పనిసరిగా ఉండాలి. సొంత మాట రాసుకోవాలనుకునేవారు వాటి కోసమే వెతుకుతారు.

ముద్రణ గురించి కొంత వివరంగా చెబుతాను, ఎందుకంటే మొదటిసారి ప్రెస్సుకు వెళ్లినవారికి ఎక్కువ డబ్బు పోయేది అక్కడే. ఏ5 కాగితాన్ని మధ్యకు మడిస్తే వచ్చే ఏ6 కార్డు, అంటే 105 మిల్లీమీటర్ల వెడల్పు, 148 మిల్లీమీటర్ల పొడవు ఉన్నది, సీ6 కవరులో సరిగ్గా ఇముడుతుంది. మీకు నచ్చిన వింత కొలత పెట్టుకుంటే దానికి తగిన కవరు విడిగా చేయించుకోవలసి వస్తుంది, ఒక్కోసారి కార్డు కన్నా కవరే ఖరీదవుతుంది. కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) దరిదాపుల్లో ఉంటే కార్డు అరలో వంగకుండా నిలబడుతుంది. అంత మందమైన కాగితాన్ని చేత్తో మడిస్తే మడత దగ్గర పగులుతుంది కనుక ముందుగా క్రీజింగ్, అంటే మడత పడే చోట యంత్రంతో గాడి నొక్కించడం, చేయించాలి, కాగితంలోని నార ఏ దిశలో ఉందో ఆ దిశలోనే మడత వచ్చేలా చూడమని ప్రెస్సువారిని అడగాలి. బొమ్మను 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కల) స్పష్టతతో, నాలుగు వైపులా కత్తిరింపులో పోయే 3 మిల్లీమీటర్ల అదనపు అంచుతో ఇవ్వండి. కంప్యూటరు తెర మీద మెరిసే ఆకుపచ్చ, నారింజ రంగులు నాలుగు సిరాల ముద్రణలో మందగిస్తాయి. అందుకే మొత్తం అచ్చు వేయించే ముందు ఒక్కో డిజైను నమూనా ప్రతిని అదే కాగితం మీద తీయించి, పగటి వెలుతురులో చూసి, ఆ తర్వాతే సరేననండి.

ఎన్ని అచ్చు వేయించాలన్నది మరో చిక్కు. ఆఫ్‌సెట్‌లో, అంటే లోహపు ప్లేట్లు చేయించి అచ్చు వేసే పద్ధతిలో, ప్లేట్ల ఖర్చు ముందే పడుతుంది కాబట్టి వెయ్యి ప్రతులు వేయిస్తేనే ఒక్కో కార్డు ఖర్చు తగ్గుతుంది. డిజిటల్ ముద్రణలో ఒక్కో కార్డు ఖరీదు ఎక్కువే అయినా యాభై ప్రతులతో మొదలుపెట్టవచ్చు. చవకగా వస్తున్నాయి కదా అని వేయి వేయించి, ఎనిమిది వందలు అటక మీద పెట్టుకుంటే ఆ చవకకు అర్థం లేదు. ఏ డిజైన్లు కదులుతాయో తేలేవరకు డిజిటల్‌ను దాటవద్దని నా గట్టి సలహా.

ధరను ఖర్చు నుంచి పైకి లెక్కిస్తూ పోతే తప్పుతారు. కొనేవారు ఇచ్చే ధర నుంచి కిందికి రండి. ఆ దుకాణంలో అదే పరిమాణం, అదే నాణ్యత ఉన్న కార్డులు ఎంతకు అమ్ముతున్నారో చూసి, ఆ చిల్లర ధరను 100 అనుకోండి. సరుకును నేరుగా కొనే దుకాణాలు సాధారణంగా అందులో సగానికి అటూ ఇటూగా ఇస్తాయి. అది దురాశ కాదు. అద్దె, జీతాలు, దీపాలు, అమ్ముడుపోని సరుకు నష్టం అన్నీ ఆ మిగతా సగంలో నుంచే వాళ్లు భరించాలి. మీకు వచ్చే 50లో ముద్రణ, కవరు, పైన తొడిగే పారదర్శక సంచి, రవాణా అన్నీ కలిపి 25 దాటితే మీ శ్రమకు తగినంత మిగలదు. దాటుతున్నట్లయితే ల్యామినేషన్, బంగారు రేకు వంటి హంగులు తగ్గించుకోండి. అప్పటికీ కుదరకపోతే ఆ డిజైను చేత్తో చేసి నేరుగా అమ్ముకోవడానికి పనికివస్తుందేమో గాని, దుకాణానికి పనికిరాదు.

ఇక దుకాణదారును కలవడం. రద్దీ వేళ వెళ్లకండి. నిర్ణయం తీసుకునే వ్యక్తి ఎవరో, ఎప్పుడు తీరిక దొరుకుతుందో ముందుగా అడిగి తెలుసుకోండి. అంతకన్నా ముందు ఒకసారి మామూలు కొనుగోలుదారుగా వెళ్లి, అరలో ఏ సందర్భానికి కార్డులు తక్కువగా ఉన్నాయో గమనించి రండి. మీ కార్డులను ఫోనులో కాక, కవరుతో, సంచితో, అమ్మకానికి సిద్ధంగా ఉన్న రూపంలో చేతికివ్వండి. ‘మీ దగ్గర సంతాపం కార్డులు రెండే ఉన్నాయి, నేను ఒకటి తెచ్చాను’ అన్న వాక్యం మీ కళ గురించి పది నిమిషాలు చెప్పడం కన్నా బాగా పనిచేస్తుంది.

కొత్తవారి సరుకును చాలామంది నేరుగా కొనరు. అమ్ముడైన తర్వాతే డబ్బు ఇస్తామంటారు. కన్సైన్‌మెంట్ అనేది దీన్నే. మొదటి దుకాణానికి ఒప్పుకోండి, కానీ నష్టభయం మీదే కాబట్టి వారి వాటా సగం కన్నా తక్కువ ఉండాలని మర్యాదగా అడగండి. ఎన్ని కార్డులు ఇచ్చారు, వాటా ఎంత, లెక్క ఏ తేదీన చూస్తారు, మరకపడినవాటి నష్టం ఎవరిది, అమ్మనివాటిని ఎప్పుడు వెనక్కి తీసుకుంటారు అన్నవి ఒక కాగితం మీద రాసి, ఇద్దరూ సంతకం చేసి, చెరో ప్రతి ఉంచుకోండి. పరిచయస్తులే కదా అని ఈ కాగితం వదిలేసినవారికి డబ్బుతో పాటు ఆ పరిచయం కూడా పోవడం చూశాను.

ప్రతి కార్డు వెనుక మీ పేరు, సంప్రదించే మార్గం, డిజైను సంఖ్య అచ్చు వేయించండి. పదిహేను రోజులకు ఒకసారి వెళ్లి సంఖ్యల వారీగా లెక్క రాసుకోండి. కదలని కార్డును వెంటనే తప్పుపట్టకుండా, దుకాణదారు అనుమతితో ఒకసారి కంటి ఎత్తుకు మార్చి చూడండి. అప్పటికీ కదలకపోతే తీసేయండి. ఈ లెక్కల పుస్తకం విలువ గురించి కింద మళ్లీ చెబుతాను.

హక్కుల విషయం క్లుప్తంగా. 1886 నాటి బెర్న్ అంతర్జాతీయ కాపీరైట్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో మీ బొమ్మ మీద కాపీరైట్, ఏ రిజిస్ట్రేషనూ లేకుండా, గీసిన నాటి నుంచే మీది. అదే న్యాయం ఇతరులకూ వర్తిస్తుంది. సినిమా పాత్రలు, పాటల పంక్తులు, ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మలు వాడకూడదు. అక్షరాల ఫాంటు ఉచితంగా దొరికినా, వ్యాపారానికి వాడుకునే అనుమతి ఉందో లేదో చదివి చూసుకోవాలి.

ఇప్పుడు నాన్నగారి భయం. ఆయన భయంలో న్యాయం ఉంది. పైన చెప్పిన లెక్క ప్రకారం కార్డుకు 25 మిగిలితే, వెయ్యి కార్డుల పూర్తి చిల్లర ధరకు సమానమైన ఆదాయం రావడానికి 4,000 కార్డులు అమ్ముడుపోవాలి. వారానికి పదేసి కార్డులు అమ్మే దుకాణాలు ఐదు దొరికినా ఏడాదికి 2,600 మాత్రమే. కొద్దిపాటి దుకాణాలతో జీవనం గడవదు. దీని కోసం చదువు ఆపవలసిన అవసరం ఎంతమాత్రం లేదు.

అయితే దీని విలువ వచ్చే డబ్బుతోనే ఆగదు. జాయిస్ హాల్ అనే యువకుడు 1910లో పద్దెనిమిదేళ్ల వయసులో అమెరికాలోని కాన్సస్ సిటీకి రెండు బూట్ల పెట్టెల నిండా బొమ్మల పోస్టుకార్డులతో వచ్చారు. మొదట్లో ఆయన అమ్మింది ఇతరులు చేసిన కార్డులనే. ఏవి అమ్ముడుపోతాయో దుకాణదారుల దగ్గర తెలుసుకున్న తర్వాత, 1915లో సొంతంగా ముద్రించడం మొదలుపెట్టారు. హాల్‌మార్క్ అనే గ్రీటింగ్ కార్డుల సంస్థ అలా పెరిగింది. మీరు కూడా సెలవుల్లో కొన్ని రోజులు కార్డులు అమ్మే దుకాణంలో సహాయకుడిగా పనిచేయగలిగితే, నా జవాబు మొత్తం కన్నా ఎక్కువ అక్కడ తెలుస్తుంది. కార్డుల కంపెనీలు బయటి చిత్రకారుల డిజైన్లను ఒకేసారి రుసుమిచ్చి గాని, రాయల్టీ (అమ్మకాల్లో వాటా) మీద గాని తీసుకుంటాయి. ఆ దారిలో వెళ్లాలన్నా, గ్రాఫిక్ డిజైన్, ప్యాకేజింగ్, ముద్రణ రంగాల్లో ఉద్యోగం చూసుకోవాలన్నా, ‘ఈ డిజైను మూడు దుకాణాల్లో ఆరు నెలల్లో ఇన్ని అమ్ముడైంది’ అని మీ లెక్కల పుస్తకం చూపించగలగడం చాలామంది చిత్రకారులకు లేని బలం. వ్యయ లెక్కలు మీ కామర్స్ చదువులోనూ భాగమే.

నాన్నగారితో మాట్లాడే ముందు ఒక కాగితం మీద మూడు అంకెలు రాసుకోండి: పూర్తిగా పోయినా ఇబ్బంది లేని సొమ్ము ఎంత, వారానికి ఎన్ని గంటలు, పరీక్షలకు ఎన్ని రోజుల ముందు పని ఆపేస్తారు. ఆ అంకెలకు ఆయన ఒప్పుకున్న తర్వాత, ఒకే ఒక్క దుకాణంతో మొదలుపెట్టండి. మూడు నెలల లెక్క చేతికి వచ్చాక దాన్ని నాకు పంపితే, రెండో దుకాణం గురించి అప్పుడు మాట్లాడుకుందాం.