జూకి కెమెరా పట్టుకెళ్తున్న మేనకోడలికి

అమ్మలూ,

ఆదివారం హైదరాబాద్ జూకి వెళ్తున్నానన్నావు. ఆదివారం వద్దమ్మా, ఆ జనంలో కెమెరా ఎత్తడానికి కూడా చోటుండదు. సోమవారం ఎలాగూ జూకి సెలవే. మంగళవారమో బుధవారమో లీవు పెట్టి, గేటు తీసే వేళకే అక్కడుండు. ఎండ ముదిరితే సగం జంతువులు నీడలో పడుకుంటాయి. కెమెరాకి విడిగా టికెట్ ఉంటుంది, అడిగి తీసుకో.

అది 380 ఎకరాల జూ. అన్నీ చుట్టేయాలని పరిగెత్తకు. నీకు నచ్చిన మూడో నాలుగో జంతువుల్ని ఎంచుకుని, ఒక్కోదాని దగ్గర అరగంట నిలబడు. పులి చాలాసార్లు ఒకే దారిలో అటూ ఇటూ తిరుగుతుంది. మొదట కెమెరా దించి ఊరికే చూడు. ఎక్కడ మళ్లుతుందో, ఎక్కడ తల నీవైపు తిప్పుతుందో తెలిసిపోతుంది. మళ్లీ అక్కడికొచ్చేసరికి నువ్వు సిద్ధంగా ఉంటావు. ఫోకస్ కంటిమీదే పెట్టు. షట్టర్ స్పీడు సెకనులో 1/500 వంతుకన్నా నెమ్మదించనివ్వకు, లేదంటే కదిలే జంతువు మసకగా పడుతుంది.

తెల్లపులి దగ్గర జాగ్రత్త. ఫ్రేమంతా దాని తెల్లటి ఒళ్లే ఉంటే కెమెరా వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది, పులి బూడిదరంగులో పడుతుంది. అప్పుడు ఎక్స్‌పోజర్, అంటే ఫొటోకి అందే వెలుతురు, కాస్త పెంచు. అదే పులి దూరంగా, చీకటి పొదల ముందు చిన్నగా కనిపిస్తే తగ్గించాలి, లేదంటే చారలు పోయి తెల్లటి మచ్చే మిగులుతుంది. ఎలుగుబంటికి కూడా తగ్గించు, అప్పుడే దాని నలుపు నలుపులా వస్తుంది.

ఇనుప జాలీ చూసి నిరుత్సాహపడకు. అపర్చర్‌ని, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, పూర్తిగా తెరిచి, జూమ్ చివరిదాకా లాగి, జంతువు జాలీకి దూరంగా వెనక్కి వెళ్లేదాకా ఆగు. ముందున్న తీగలు మసకబారి దాదాపు మాయమవుతాయి. ఎండపడే జాలీ మాత్రం తెల్లగా మెరిసి ఫొటో అంతా పొగలా కమ్మేస్తుంది. నీడలో ఉన్న చోటు వెతుక్కో. ఎంత మంచి ఫొటో కోసమైనా రెయిలింగ్ దాటొద్దు, చెయ్యి లోపలికి పెట్టొద్దు. అద్దం ఉన్నచోట లెన్స్‌ని దాదాపు ఆనించి తియ్యి, ముదురు రంగు చొక్కా వేసుకో. లేత రంగైతే నీ చొక్కానే అద్దంలో కనబడుతుంది.

పక్కవాళ్లు ఈలలేసినా, అరిచినా నువ్వు మాత్రం జంతువుని పిలవకు. బెదిరిన జంతువు చూపు ఫొటోలో దాగదు. ఆ చూపు నాకు ఒక్క ఫొటోలోనూ కనిపించకూడదు.

నిశాచర జంతువుల గదిలో కెమెరా బ్యాగులో పెట్టెయ్. మనం పగలు చూడగలగాలని అక్కడ పగటిని రాత్రిలా చేసి ఉంచారు. అంతంత పెద్ద కళ్ల దేవాంగపిల్లి (స్లెండర్ లోరిస్) మీద ఫ్లాష్ కొట్టడం పాపం. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా నిలబడు. కాసేపటికి కొమ్మ మీద అది మెల్లగా, ఒక్కో చెయ్యీ మార్చుకుంటూ కదలడం కనిపిస్తుంది.

ముందురోజు రాత్రే బ్యాటరీ ఛార్జింగ్ పెట్టు. ఇంటికొచ్చాక నీకు నచ్చిన పది ఫొటోలు ఏరి నాకు పంపు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపించు. పెద్ద స్క్రీన్ మీద ఒక్కొక్కటీ పెట్టుకుని చూసి ఫోన్ చేస్తాను.

మామయ్య