ఇండోర్ యాంటెన్నా కొనే ముందు మీ ఫ్లాట్ ఆగ్నేయ మూల చూడండి

భీమవరంలో అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉంటున్నామని, నెలనెలా కేబుల్ బిల్లు కట్టలేకపోతున్నామని, గోడకు అతికించే ఇండోర్ యాంటెన్నాల్లో తక్కువ ధరకు హెచ్‌డీ బొమ్మ ఇచ్చేది ఏదో చెప్పమని మీరు అడిగారు. మేము ఉండేది అమలాపురంలో, అదీ అపార్ట్‌మెంటులోనే కాబట్టి మీ ఇబ్బంది నాకు బాగా తెలుసు. మన గోదావరి జిల్లాల్లో ఉన్నంతవరకు ఏ ధరలోనూ ఇండోర్ యాంటెన్నా కొనవద్దనే నేను చెబుతాను. యాంటెన్నా ఎంత మంచిదైనా, అది పట్టుకోవలసిన ప్రసారం ఇక్కడ లేదు.

ఒకప్పుడు డాబాల మీద కనిపించిన అల్యూమినియం గొట్టాల యాంటెన్నాలు దూరదర్శన్ అనలాగ్ ట్రాన్స్‌మిటర్ల నుంచి వచ్చే సిగ్నల్‌ను అందుకునేవి. ప్రసార భారతి ఆ ట్రాన్స్‌మిటర్లను దశలవారీగా ఆపివేసి, వ్యూహాత్మకమైన కొన్ని చోట్ల మాత్రమే మిగిల్చింది. వాటి స్థానంలో రావలసిన డీవీబీ-టీ2 డిజిటల్ ప్రసారం 2016లో 16 నగరాల్లో మొదలైంది గాని, ఆ జాబితాలో ఆంధ్రప్రదేశ్ నగరం ఒక్కటీ లేదు. జాబితాలో ఉన్న చెన్నై సిగ్నల్ భీమవరం దాకా వచ్చే ప్రశ్నే లేదు.

వందల మైళ్ల దూరం నుంచి ఉచితంగా హెచ్‌డీ అందుతుందని ఆన్‌లైన్‌లో కనిపించే ప్రకటనలు చాలావరకు అమెరికా పరిస్థితిని చూసి రాసినవి. అక్కడ 2009 జూన్ నాటికి పెద్ద స్టేషన్లన్నీ డిజిటల్‌కు మారాయి. స్థానిక స్టేషన్లు హెచ్‌డీలోనే ఉచితంగా ప్రసారం చేస్తాయి కాబట్టి, ఊళ్లో ఉన్నవారికి కిటికీ పక్కన పెట్టిన పలుచని యాంటెన్నా కూడా చాలాసార్లు సరిపోతుంది. డల్లాస్‌లో ఉంటున్న మా బావమరిది తాను వాడుతున్న అలాంటి యాంటెన్నానే సెలవులకు వచ్చినప్పుడు మాకు తెచ్చి ఇచ్చాడు. హాలు కిటికీకి, బాల్కనీ గ్రిల్లుకు, చివరికి మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన కూడా పెట్టి టీవీలో ఆటో స్కాన్ నడిపించాం. స్కాన్ నూరు శాతానికి చేరింది, చానళ్ల సంఖ్య మాత్రం సున్నా దగ్గరే ఉండిపోయింది. యాంప్లిఫయర్ ఉన్న రకం తీసుకుంటే వస్తుందేమోనని మీకు అనిపించవచ్చు. ఉన్న సిగ్నల్‌ను యాంప్లిఫయర్ పెంచగలదు గాని లేనిదాన్ని పుట్టించలేదు.

నెలవారీ చందా లేకుండా టీవీ చూడాలన్న మీ కోరికకు దగ్గరగా వచ్చేది, దూరదర్శన్ ఉపగ్రహం ద్వారా ఉచితంగా చానళ్లు అందించే డీడీ ఫ్రీ డిష్. 2004 డిసెంబరులో మొదలైన ఈ సేవకు డిష్, బాక్స్, కేబుల్ అన్నీ కలిపి ఒకేసారి పెట్టే ఖర్చు సుమారు 2,000 రూపాయలు, ఆ తరువాత కట్టవలసింది ఏమీ ఉండదు. అయితే డిష్‌ను గది లోపల పెట్టడానికి వీలులేదు, దానికి ఆకాశం కనబడాలి. ఫ్లాటులో ఉండేవారు మొదట చూసుకోవలసింది ఈ విషయమే.

ఈ ప్రసారం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్న జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తుంది. మన డెల్టా నుంచి చూస్తే అది ఆగ్నేయ దిక్కున, క్షితిజం నుంచి దాదాపు 66 డిగ్రీల ఎత్తున, అంటే నడినెత్తికి కాస్త దిగువన ఉంటుంది. వాస్తు చూసి కట్టిన ఫ్లాట్లలో వంటగది ఆగ్నేయంలోనే ఉంటుంది కాబట్టి, వంటింటిని ఆనుకొని గిన్నెలు తోముకునే చిన్న బాల్కనీయే చాలామందికి డిష్ పెట్టుకోవడానికి సరైన చోటు అవుతుంది. మేము పెట్టుకున్నదీ అక్కడే.

అంత ఎత్తు నుంచి సిగ్నల్ రావడం వల్ల ఒక మేలు, ఒక చిక్కు ఉన్నాయి. ఎదుటి భవనం ఇరవై అడుగుల దూరంలో ఉన్నా, అది మీ డిష్ కంటే మరో నలభై అయిదు అడుగులు పైకి లేస్తే తప్ప అడ్డు రాదు. చిక్కల్లా పై అంతస్తు బాల్కనీ శ్లాబుతోనే. డిష్‌ను లోపలి గోడకు బిగిస్తే ఆ శ్లాబు ఆకాశాన్ని కప్పేస్తుంది కాబట్టి, రెయిలింగుకు అడుగున్నర లోపల గాని, రెయిలింగుకే బయటివైపు గాని బిగించమని చెప్పండి. ఈ డిష్‌లు ఆఫ్‌సెట్ రకానివి కావడం వల్ల వాటి ముఖం ఎదుటి మేడను చూస్తున్నట్టు కనిపించినా, నిజానికి అవి అంతకంటే ఇరవై డిగ్రీలకు పైగా ఎత్తున ఉన్న ఆకాశం నుంచి సిగ్నల్ తీసుకుంటాయి. కింది అంతస్తుల వారు కొబ్బరిచెట్లను కూడా చూసుకోవాలి. తడిసిన కొబ్బరిమట్ట అడ్డుగా ఉంటే బొమ్మ నిలవదు.

బిగించే రోజున మీరు టీవీ ముందు కూర్చోండి. బాక్స్ మెనూలో స్ట్రెంగ్త్, క్వాలిటీ అని రెండు గీతలు కనిపిస్తాయి. కేబుల్ తగిలించగానే, డిష్ ఎటు తిరిగి ఉన్నా, స్ట్రెంగ్త్ ఎంతో కొంత చూపిస్తూనే ఉంటుంది కాబట్టి దాన్ని నమ్మకూడదు. మా డిష్ విషయంలో క్వాలిటీ గీత చాలాసేపు కదలనే లేదు, బిగించడానికి వచ్చిన కుర్రవాడు డిష్‌ను వేలెడంత తూర్పుకు జరిపేసరికి ఒక్కసారిగా పైకి లేచింది. అతడు నట్లు బిగించడం మొదలుపెట్టగానే కొంత పడిపోయింది. నట్లన్నీ బిగిసి, డిష్ ముందు కాడ చివర ఉండి సిగ్నల్‌ను అందుకునే ఎల్‌ఎన్‌బీని కూడా కొద్దికొద్దిగా తిప్పి చూసి, క్వాలిటీ నిలకడగా ఉందని మీరు కళ్లారా చూసిన తరువాతే డబ్బు ఇవ్వండి.

హెచ్‌డీ సంగతికి వస్తే, చవకగా దొరికే పాత రకం ఎంపెగ్-2 బాక్స్ పనికిరాదు, ఎంపెగ్-4 హెచ్‌డీ బాక్స్ అని అడిగి తీసుకోవాలి. దాన్ని టీవీకి హెచ్‌డీఎంఐ తీగతోనే కలపాలి. ఎరుపు, తెలుపు, పసుపు తీగలతో కలిపితే ఎంత మంచి టీవీలోనైనా హెచ్‌డీ రాదు. ఫ్రీ డిష్‌లో హెచ్‌డీలో వచ్చేవి దూరదర్శన్‌కు చెందిన కొద్ది చానళ్లే. తెలుగువారికి డీడీ సప్తగిరి, డీడీ యాదగిరి ఉంటాయి, చందా కట్టి చూసే ప్రైవేటు చానళ్లను మాత్రం ఇందులో ఆశించకూడదు. సీరియళ్లు, కొత్త సినిమాలు హెచ్‌డీలో కావాలని ఇంట్లోవారు పట్టుబడితే కేబుల్ గాని, డీటీహెచ్ గాని, ఇంటర్నెట్ గాని తప్పదు. ఆ మాట కొనకముందే ఇంట్లో తేల్చుకోవడం మంచిది.

జోరు వాన కురిసే కొద్దిసేపు బొమ్మ ఆగిపోవడం ఇలాంటి చిన్న డిష్‌లు అందుకునే కేయూ బ్యాండ్ ఉపగ్రహ ప్రసారాలన్నిటికీ ఉన్నదే. వాన వెలిశాక కూడా రాకపోతే ఎల్‌ఎన్‌బీ దగ్గర కనెక్టర్‌లోకి నీరు చేరిందేమో చూడండి. మన ఉప్పుగాలికి ఆ కనెక్టర్ తొందరగా తుప్పు పడుతుంది కాబట్టి బిగించిన రోజునే దాని చుట్టూ టేపు గట్టిగా చుట్టించండి.

మీ ఫ్లాటుకు పడమర, ఉత్తరాలు మాత్రమే తెరిచి ఉంటే డిష్‌ను మేడ మీద పెట్టి, డిష్‌లకు వాడే ఆర్‌జీ-6 రకం కేబుల్‌ను షాఫ్టు గుండా కిందికి దింపుకోవాలి, అందుకు అసోసియేషన్ అనుమతి ముందుగా తీసుకోండి. ఎదురింటివారికి కూడా ఇదే ఆలోచన ఉంటే, రెండు అవుట్‌పుట్లు ఉన్న ఎల్‌ఎన్‌బీ పెట్టించి ఒకే డిష్ నుంచి రెండు ఇళ్లకు కేబుళ్లు తీసుకోవచ్చు.